కోతి ఎత్తుకుపోయిన చొక్కా

వినుకొండలో మా ఎదురింటి అత్త పాత చీరలతో బొంతలు కుట్టేది. ప్రతి ముక్కనీ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో సాపు చేయందే సూది పట్టేది కాదు. పెట్టె అడుగుకి తడివేలు తాకించి, చుయ్‌మన్న చప్పుడు చెవి ఒగ్గి వినేది. "నా పెట్టె ఇంతవరకు ఒక్క గుడ్డను కాల్చలేదు" అనేది. వీధిలో ఆవిడ పరపతంతా ఆ మాట మీదే నిలబడింది.

ఒకరోజు నూలు ముక్కలకు కాచిన పెట్టెనే, చల్లారనివ్వకుండా, మామ కొత్త పాలిస్టర్ చొక్కా మీద పెట్టింది. చొక్కా వీపంతా బెల్లంపాకంలా కరిగి పెట్టెకు అంటుకుపోయింది.

"నువ్వేం చూళ్ళేదురా" అని నాకు చెప్పి, మిగిలిన చొక్కాని కోసి బొంతలో కలిపేసింది. సాయంత్రం మామ అడిగితే, "దండెం మీంచి కోతి ఎత్తుకుపోయిందయ్యా" అంది.

మామ నమ్మాడు. వారం రోజులు కొండెక్కి, కనపడ్డ ప్రతి కోతినీ ముందూ వెనకా పరీక్షగా చూసొచ్చాడు. ఒక ముసలికోతి ఆయన బాధ చూళ్ళేక చేతులెత్తి చంకలు కూడా చూపించిందని నేను ఇప్పటికీ ఒట్టేసి చెబుతా.

ఆ తిరుగుడికి చలిజ్వరం పట్టుకుంది. అత్త కొత్త బొంత కప్పింది. వణుకుతూ దాన్ని దగ్గరికి లాక్కుంటుంటే, మామ చెయ్యి ఒకచోట లోపలికి దిగింది.

"ఏమే, బొంతకి జేబేంది?"

పక్కనే ఇస్త్రీ చేస్తున్న అత్త పెట్టెకు తడివేలు తాకించి, చప్పుడు విని, తీరిగ్గా చెప్పింది.

"చొక్కా చించేసి, ఆ ముక్క ఒక్కటే తెచ్చిచ్చిందయ్యా కోతి. నా పెట్టె మాత్రం ఇంతవరకు ఒక్క గుడ్డను కాల్చలేదు."