నేను చెప్పిన చిరునామా

కొన్నేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. నేనెవరో తెలియని మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలిక కాదు.

యర్రగొండపాలెం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి సచివాలయంలో నేను కంప్యూటర్ ముందు పనిచేసేవాణ్ణి. ఊరందరి వివరాలూ నా వేలిముద్రతో తెరుచుకునేవి. ఆ ఊరి రమణమ్మ భర్త దెబ్బలకు తట్టుకోలేక చిన్నారి కూతురిని తీసుకుని కనిగిరి వెళ్లిపోయింది. అక్కడ ఒక హోటల్లో పిండి రుబ్బే పని. రేషన్ అక్కడికి మార్పించుకోవడానికి వచ్చినప్పుడు, కొత్త చిరునామా చెప్పబోయి ఆగింది.

"అన్నా, ఇది ఎవురికన్నా కనపడతాదా?"

"నాకు తప్ప ఎవరికీ కనపడదు. చెప్పమ్మా" అన్నాను. చెప్పింది.

కొంతకాలానికి ఆమె భర్త వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. ఆ రోజు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, సంచి నిండా సీతాఫలాలతో వచ్చాడు.

"ఏం బావా, బాగుండావా?"

"నేనెప్పుడు నీకు బావనయినాను?"

"నా పెండ్లాం నిన్ను అన్నా అంటాది గదా. ఇంక నాకు బావ గాక ఏమైతావు? చెల్లెల్ని దాచిపెట్టి బామ్మర్దిని ఊరంతా తిప్పతాండావే!"

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"వివరాలు చెప్పగూడదప్పా."

"పాప మొగం చూసొస్తా, అంతే. మళ్ల జీవాల్ని తోలుకొని అడివి దాటి పడమట ఆత్మకూరు దిక్కు పోవాల. ఎప్పుడొస్తానో ఏమో. చెల్లెలి కాపురం నిలబెట్టవా బావా?"

వేలు పెట్టాను. కనిగిరిలో వీధి పేరు, పాప చదివే బడి పేరు చెప్పాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక నలుగురిలో బావా అని పిలిపించుకున్నాక కాదనలేక, ఆ మొహమాటానికి మంచితనమని పేరు పెట్టుకున్నానా? ఆమె ఒంటి మీది దెబ్బలు ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అతను బడి దగ్గర పాపను బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. రమణమ్మ ఎవరికి చెప్పుకున్నా, కన్నతండ్రే గదా అన్నారట.

అప్పుడామె సమాచార హక్కు కింద మా సచివాలయంలో దరఖాస్తు పెట్టింది. "నా చిరునామా ఎవరు తెరిచి చూశారు, ఎవరికి చెప్పారు?" అంతే అడిగింది. దాన్ని నా చేతికే ఇచ్చి అంది:

"ఎవురి మీదా కోపం లేదన్నా. చెప్పినోళ్లతో ఆయన యాడికి పోయేదీ అనుంటాడు గదా. అది తెలిస్తే సాలు. బిడ్డ దగ్గరికి పోతా."

నాకు తెలుసు. ఒక్క ఊరి పేరు. నోటిదాకా వచ్చింది. చెబితే తెరిచింది నేనేనని తేలుతుంది. ఉద్యోగం పోతుంది. దరఖాస్తుకు రసీదు రాసిచ్చి పంపేశాను.

జవాబు తయారుచేసే పని కార్యదర్శి నాకే అప్పగించాడు. ఎవరు తెరిచారో కంప్యూటర్‌లో ఉంటుంది. "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లేదు" అని కొట్టాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆమె దొనకొండ వైపు, నెల్లూరు వైపు కనపడిన మందనల్లా వెతికిందట. ఆత్మకూరు ఉన్న పడమటికి వెళ్లలేదు. పాప దొరికేసరికి ఏళ్లు గడిచాయి. తల్లిని చూసి తండ్రి వెనక దాక్కుందట. "నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోయినావంట గదా, నేను రాను" అందట. రమణమ్మ ఒంటరిగా తిరిగొచ్చింది.

ఇది నాకు వేరేవాళ్లు చెప్పారు. వింటూ "అయ్యో" అన్నాను. ఎంత సహజంగా అన్నానో! మొదటిసారి చేసింది తొందరపాటని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి? ఆలోచించుకుని, కుర్చీలో సరిగ్గా కూర్చుని, ఒక్కో అక్షరం కొట్టాను.

ఇప్పుడు గిద్దలూరులో ఉంటున్నాను. అదే ఉద్యోగం. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆమె అడిగినదానికి జవాబు ఉంది, అప్పుడూ ఉంది. తెరిచింది నేను. చెప్పింది నేను. లేదని రాసింది నేను.

ఇది ఆమెకు చేరాల్సిన జవాబు. ఆమె ఇప్పుడెక్కడ ఉందో తెలియదు. వేలు పెడితే క్షణంలో తెలుస్తుంది. పెట్టలేదు. అందుకే మీకు చెప్పాను. ఛాతీ మీద బరువు కొంచెం తగ్గింది. తగ్గినందుకూ సిగ్గుగానే ఉంది.