ఒక్క స్టారు, రెండు ముద్దలు

ఫోన్లో హోటళ్లకు స్టార్లు ఇచ్చే పిచ్చి నాకుండేది. సోమందేపల్లెలో ఓ సంగటి హోటల్‌కు ఒక్క స్టారిచ్చి, ‘ముద్ద నిమ్మకాయంత ఉంది’ అని రాశాను. నెల తర్వాత, మా మామగారు సంగటి తినాలంటే అక్కడికే వెళ్లాల్సి వచ్చింది. చేతులు కడుక్కునే చోట గోడ మీద నా ఫొటోతో సహా ఆ రివ్యూ అంటించి ఉంది!

హోటలాయన నన్ను ఇట్టే గుర్తుపట్టాడు. తలకాయంత ముద్ద తెచ్చి నా ఆకులో పెట్టాడు.

“ఏమప్పా, ఇదీ నిమ్మకాయంతే ఉండాదా? మిగిల్చినావంటే లేయనియ్యను” అంటూ పక్కనే నిలబడ్డాడు.

మామగారు మీసాల చాటున నవ్వుకుంటున్నారు. చెమటలు కక్కుతూ మొత్తం మింగి, అక్కడికక్కడే ఐదు స్టార్లు కొట్టి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“అంత బాగుండాదా! ఉండన్నా, ఇంకో ముద్ద తెస్తా!”

అప్పటి నుంచి ఏ హోటల్‌కైనా మూడు స్టార్లే ఇస్తున్నాను.