‘ట్టే’ ఒప్పుకోని వసుంధర గారు

రాయదుర్గంలో మా ఆఫీసు లిఫ్టులోకి మొన్న ఎవరో తడిసిన రెయిన్‌కోటుతో ఎక్కారు. ఆ రబ్బరు వాసన ముక్కుకు తగలగానే వసుంధర గారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో, హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో, నా మొదటి ఉద్యోగంలో ఆవిడ మా టీమ్ లీడరు. కాకినాడ మనిషి. గొంతు మెత్తన, పట్టుదల గట్టిది. ఆదివారం వచ్చిందంటే అలాంటి రెయిన్‌కోటే తొడుక్కుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, చెరువుల వెంట పిట్టల్ని చూడటానికి బయల్దేరేవారు. కడప నుంచి వచ్చి చందానగర్‌లో ఒంటరిగా ఉంటున్న నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకునేవారు.

ఆవిడకు ఒళ్లు మండేది ఒక్క మాటకే. పని అయిందా అని అడిగితే మేమంతా “అయిపోయినట్టే మేడమ్” అనేవాళ్లం. మన భాషలో ఇంత హాయైన మాట ఇంకోటి లేదు. పని అలాగే ఉంటుంది, అడిగినవాళ్లు మాత్రం వెళ్లిపోతారు. ఈవిడ వెళ్లేవారు కాదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, “ఆ ‘ట్టే’లో ఎంత పని దాక్కుందో చెప్పమ్మా” అనేవారు.

ఒక అక్టోబరు చివర్లో, శుక్రవారం నాడు మా మేనేజరు ఆవిడను పిలిచి, సోమవారం క్లయింటుతో ఫోన్లో పని పూర్తయిందని చెప్పమన్నారు. నిజానికి కాలేదు. రెండువేల సంవత్సరం వచ్చాక కంప్యూటర్లు తేదీలు తప్పుగా చదవకుండా చూసే పని అది. పరీక్షించాల్సింది ఇంకా చాలా ఉంది. అలా చెప్పకపోతే కొత్త ప్రాజెక్టు ఆవిడ చేతికి రాదని కూడా అన్నారట. దానికోసం ఆవిడ ఎంతగా ఎదురుచూస్తున్నారో మా అందరికీ తెలుసు.

ఆ ఆదివారం ముందు హిమాయత్‌సాగర్‌కు, అక్కణ్ణుంచి గండిపేటకు వెళ్లాం. ఆకాశం ఒక మాట మీద నిలవలేదు. ఎండ కాసింది, జల్లు పడింది, మళ్లీ ఎండ. హిమాలయాలు దాటి చలికాలానికి ఇటు వచ్చే బాతులుంటాయి, తల వెనక రెండు నల్ల చారలతో. వాటిని చూడాలని ఆవిడకు ఎన్నేళ్లుగానో కోరిక. గండిపేటలో వాన జోరందుకుంటే, వల సర్దుకుంటున్న ఒక చేపలాయన మమ్మల్ని తన ప్లాస్టిక్ పట్టా కిందికి పిలిచాడు.

“జర లోపలికి రండి మేడమ్, తడుస్తున్నరు. గిట్ల వానల ఏం చూస్తరు?”

“బాతుల కోసం వచ్చామండి.”

“బాతుల కోసమా! మా ఇంటెనక మస్తున్నయి, రండి చూపిస్త.”

ముగ్గురం నవ్వుకుంటూండగానే నీళ్లకు అవతల బూడిదరంగు బాతుల గుంపు నా కంటపడింది. ఆవిడ బైనాక్యులర్స్ ఎత్తేలోపు వాన తెర అడ్డం పడింది. తెర పలచబడేసరికి అవి లేచిపోయాయి.

“అవే మేడమ్! చూసినట్టే!” అని గెంతాను.

“చారలు కనపడ్డాయా?”

“లేదు మేడమ్. అవి కాకపోతే ఇంకేముంటాయి?”

ఆవిడ ఖాళీ నీళ్ల వైపు చాలాసేపు చూశారు. “అవే అయ్యుండొచ్చు. అవే కావాలని నాకూ ఉందమ్మా. కానీ చూసినట్టే అంటే చూడలేదనే కదా” అన్నారు. నవ్వారు గానీ, ఆ నవ్వులో దిగులుంది.

సోమవారం అందరం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. మేనేజరు ఆవిడ వైపు తిరిగి, “అయిపోయినట్టే కదండీ?” అన్నారు తెలుగులో. “లేదండి, కాలేదు” అన్నారావిడ. అదే మాట అవతలివాళ్లకు ఇంగ్లీషులో చెప్పి, ఇంకా ఏమేం మిగిలాయో కూడా చెప్పారు. కొత్త ప్రాజెక్టు వేరేవాళ్లకు వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ తెరిచి, తినకుండానే మూసేశారు. “బాధగానే ఉందమ్మా” అన్నారు నాతో. బాధ లేనట్టు నటించకపోవడం చూసి ఆవిడ మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

ఇప్పుడు నా కింద ఒక టీమ్ ఉంది. “అయిపోయినట్టే” అని వినపడగానే నేనూ కుర్చీ లాక్కుంటాను. పిల్లలు వెనక నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. వసుంధర గారు కాకినాడలో ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులతో చెరువుల వెంట తిరగడం మానేశారు. ఆ బాతులు ఆవిడకు కనపడనే లేదు. కిందటి చలికాలం గండిపేటలో, తేటగా కాసిన ఎండలో, అవి నా ముందే ఒడ్డెక్కి నడిచాయి. వెంటనే ఫోన్ చేశాను.

“మేడమ్, మన బాతులు!”

“చూసినట్టా, చూశావా?”

“చూసినా మేడమ్. రెండు చారలూ చూసినా.”

అవతల ఆ మెత్తటి గొంతు అంది, “అయితే నేనూ చూసినట్టేనమ్మా.”

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అందులో ఏం దాక్కుందని నేను అడగలేదు.