పొగ కనబడితే ఎవరికి చెప్పాలి

ఈ ఉదయం పక్కింట్లో ఎండుమిరపకాయలు దంచుతుంటే ఆ ఘాటుకు వరసగా తుమ్ములు. తుమ్ముతూనే మహాలక్ష్మి గారిని తలుచుకున్నాను. గుంటూరు శివార్లలో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీకి ఆవిడ మేనేజరు. అక్కడి వెబ్‌సైటు చూసుకోవడం నా మొదటి ఉద్యోగం.

రైతులు తమ సరుకు రసీదులు ఫోన్లోనే చూసుకునేలా సైటు తయారుచేసి నా తెలివికి నేనే మురిసిపోతుంటే, ఆవిడ ఒకటే అడిగారు. "ఇందులో లోపం బయటివాళ్ళకి కనబడితే ఎవరికి చెప్పాలమ్మా?" దానికోసం ఏ సైట్లోనైనా ఒకే పేరుతో, ఒకే చోట పెట్టే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుందని, ఎవరూ చదవరని చెప్పాను. ఆవిడ కిటికీలోంచి గేటు పక్క గోడ చూపించారు. 'పొగ కనబడితే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఉంది. "అదీ రోజూ ఎవరూ చదవరు. పెట్టేసెయ్" అన్నారు.

ఫైల్లో తన నంబరే ఇచ్చారు. 'లోపం చూపినవారి మీద కోప్పడం, కేసు పెట్టం' అని కూడా రాయించారు. ఫైలుకు గడువు తేదీ ఉంటుంది; అది దాటేలోగా వివరాలు సరిచూసి కొత్త తేదీ వేయాలి. దాన్ని మార్చినప్పుడల్లా ఆ నంబరుకు నాచేత ఫోన్ చేయించి, నా ఎదురుగా కూర్చునే ఫోనెత్తి "చెప్పండి" అనేవారు. నాకు నవ్వాగేది కాదు.

ఒకరోజు అద్దంకి నుంచి ఒక కంప్యూటర్ టీచరమ్మ ఆ నంబరుకు ఫోన్ చేస్తే, మహాలక్ష్మి గారు స్పీకర్ పెట్టారు. టీచరమ్మ వాళ్ళ నాన్నగారి రసీదు లింకులో ఒక అంకె పొరపాటున మారితే వేరే రైతు బ్యాంకు ఖాతా వివరాలు కనబడ్డాయట. "కోప్పడబోమని రాశారు కదండీ, అందుకే ధైర్యం చేశాను" అన్నారు. నేను వెంటనే ఆ పేజీ మూసేసి, ఎవరెవరు చూశారో వెతికితే, ఆ టీచరమ్మ తప్ప ఇంకెవరూ చూడలేదని తేలింది. అప్పటికే విషయం తెలిసి ఓనరు గారు గదిలోకొచ్చి అరుస్తున్నారు. "ఎవరామె? పోలీసులకి చెప్పండి!"

మహాలక్ష్మి గారు లేచి నిలబడ్డారు. "రాసింది మనమేనండి. ఇవాళ మాట తప్పితే, రేపు పొగ చూసినవాడు కూడా మనకెందుకులే అని పోతాడు." ఓనరు గారు వెనుదిరిగి వెళ్ళిపోయారు. ఆవిడ నావైపు తిరిగి "ఏ రైతుకీ ఏమీ కాలేదుగా? ఇంక ఊపిరి పీల్చుకో" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, అంత నిశ్చింతగా అనిపించింది.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను వేరే సంస్థలో పనిచేస్తున్నాను. ఇవాళ మా సైట్లోని ఫైలుకు గడువు మార్చి, మా ఆయన ఫోన్ తీసుకుని అందులోని నంబరు నొక్కాను. బల్ల మీద నా ఫోన్ మోగింది. ఎత్తి, "చెప్పండి" అన్నాను.