చాయ్‌లో కలపని మాత్ర

మొన్న కొత్తపేట రైతుబజారులో నా ముందు నిలబడ్డ ఆవిడ సంత్రా ఒలిచింది. తొక్క నుంచి సన్నటి జల్లు ఎగిరి ముక్కుకు తగిలింది. చేతిలో సంచితో అక్కడే ఆగిపోయాను. ఒక వర్షాకాలమంతా మా ఇంటినిండా ఆ వాసనే. ఆ రోజుల్లో మా తమ్ముడు మల్లేశం తొక్క తీయని పండు తప్ప మరేదీ ముట్టేవాడు కాదు. దానికి కారణం నేను. వాణ్ని అందులోంచి బయటికి తెచ్చి, నాకు బుద్ధి చెప్పిన మనిషి సుశీల సిస్టర్. ఆమె పోయి మూడేళ్లయింది. ఆమె గురించి ఎవరూ రాయలేదు, రాయబోరు కూడా. అందుకే నేను రాస్తున్నాను.

నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ని. మార్కెట్ ఊరవతలికి తరలిపోయేదాకా కొత్తపేట పండ్ల మార్కెట్లో కాంటా వేశాను. బుట్టల అడుగున పరిచే పాత పేపర్లే నా బడి. వాటిని చదివి చదివి నాకు అన్నీ తెలుసనే పొగరు కూడా సంపాదించాను. మల్లేశానికి ఎవరివో గొంతులు వినబడడం మొదలై, డాక్టరు రాసిన మాత్రలు గోడవతలికి విసిరేస్తుంటే, చుట్టాలు ఒక ఉపాయం చెప్పారు. చపాతీ కర్రతో మాత్ర నలిపి చాయ్‌లో కలిపాను. కొన్ని రోజులు బాగానే సాగింది. ఒకనాడు వాడు గ్లాసు అడుగున తెల్లటి పొడి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. గ్లాసు నేల మీద పెట్టి లేచిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంటి అన్నం లేదు, ఇంటి నీళ్లు లేవు. నేను తెచ్చిన పండ్ల బుట్ట వైపు చూసేవాడే కాదు. బండి మీద తనే ఏరుకోవాలి, గల్లీ నల్లా కింద తనే కడుక్కోవాలి. ఒక్కో పండునూ వెలుతురులో తిప్పి, సూది గుచ్చిన గుర్తుందేమోనని వెతికి తినేవాడు. చూస్తుండగానే చొక్కా వాడి మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడసాగింది. ఇలాగే పోతే తమ్ముడు నాకు దక్కడని అర్థమైంది.

సుశీల సిస్టర్ మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మానసిక రోగుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. నల్లా దగ్గర మల్లేశాన్ని చూసి, ఓ సాయంత్రం నన్ను పిలిచి సంగతేమిటని అడిగారు. చాయ్ ఉపాయాన్ని నేను కొంచెం గొప్పగానే చెప్పాను.

"సత్తయ్య గారూ, కాంటా కింద వేలు పెట్టి తూచేవాణ్ని మీ మార్కెట్లో ఏమంటారండీ?"

"దొంగ అంటం. ఇంకేమంటం?"

"మరి మీరు చేసిందేంటి?"

ఒళ్లు మండిపోయింది. వాడి బాగు కోసమే చేశానని గల్లీ అంతా వినబడేలా అరిచాను. ఆమె గొంతు పెంచలేదు. తూకంలో మోసపోయినవాడు ఇంకో కొట్టుకు పోతాడు, మల్లేశానికి ఇంకో అన్న ఎక్కడున్నాడు అని మాత్రం అడిగారు. లేచి ఇంటికొచ్చాను.

మర్నాటి నుంచి సాయంత్రం అయిదింటికి ఆమె మా గడప దగ్గరికి వచ్చేవారు. నా దగ్గర మాత్ర తీసుకుని, అరచేయి చాపి, ఇది నీ మందు, పేరు ఇది, వేసుకుంటే నిద్ర ఎక్కువొస్తుంది, నోరు ఎండుతుంది, గొంతులు తగ్గొచ్చు అని దాపరికం లేకుండా చెప్పేవారు. వాడు వద్దనేవాడు. "సరే, రేపొస్తా" అని లేచేవారు. ఇలా ఎన్నాళ్లో. ఓ రోజు వాడు సూటిగా చూస్తూ అడిగాడు.

"మంచిదే అయితె నువ్వేస్కో అక్కా."

"నాది బీపీ మాత్ర. ఇదిగో, నీ ముందే వేసుకుంటున్నా. నీది నాకొద్దు, నాది నీకివ్వను."

నెలల తర్వాత వాడు నవ్వడం అప్పుడే చూశాను. మాత్ర మాత్రం వేసుకోలేదు.

ఆమె ఓపిక గెలిచిందని ఇక్కడితో ఆపితే అబద్ధమవుతుంది. వానలు తగ్గుముఖం పట్టే వేళకు వాడి జబ్బు ముదిరింది. ఎల్బీనగర్ చౌరస్తాలో లారీలకు ఎదురు నడిచాడు. తెలిసిన ఆటో అతను పక్కకు లాగి ఇంటికి చేర్చాడు. చుట్టాలు తాడు తెచ్చారు. యాదగిరిగుట్ట పోదామని నమ్మించి బండెక్కిద్దామన్నారు. సిస్టర్ తాడు తీసుకుని తన గుమ్మంలో పడేసి వచ్చారు. గుట్టకని చెప్పి ఆసుపత్రి గేటు ముందు దింపితే ఇక దేవుణ్ని కూడా నమ్మడన్నారు. తర్వాత నేరుగా వాడి ముందుకెళ్లి కూర్చున్నారు.

"మల్లేశం, ఇవాళ నువ్వు వద్దన్నా తీసుకెళ్తాం. ఇది బలవంతమే. కాదని చెప్పను. లారీల కిందికి పోతుంటే చూస్తూ ఊరుకోలేం."

వాడు తోసిన తోపుకు ఆమె కళ్లద్దాలు పగిలాయి. నలుగురం పట్టుకుని బండెక్కించాం. దారి పొడుగునా ఆమె పక్కనే కూర్చుని, ఇది దిల్‌సుఖ్‌నగర్, ఇది మలక్‌పేట, ఇంకో గంట పడుతుంది అని చెబుతూనే ఉన్నారు. మానసిక ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి చేర్చుకున్నారు.

కొన్ని వారాల తర్వాత ఇంటికొచ్చిన మొదటిరోజు మల్లేశం నా పక్కన కూర్చుని పప్పన్నం తిన్నాడు. ముద్ద కలిపే ముందు కాసేపు పళ్లెంలోకి చూశాడు. ఆ వారంలోనే సిస్టర్ వాడితో, మళ్లీ అలా అయితే నిన్నేం చేయాలో ఇప్పుడే చెప్పు, మీ అన్న రాస్తాడు అన్నారు. రోగి ముందే ఇలా రాసిపెట్టుకోడానికి చట్టంలో చోటుందన్నారు. వాడు చెప్పాడు, నేను రాశాను.

"చెప్పి తీస్కపోవాలె. తాడు వద్దు. పోయినసారి ఉత్తకాళ్లతోని ఎక్కించిండ్రు, నా చెప్పులు నాకియ్యాలె."

చెప్పుల సంగతి ఆమెకు కూడా తట్టలేదు. కళ్లు తుడుచుకున్నారు.

టీవీలో పెద్దమనుషులు వాదించుకుంటారు. ఒకాయన రోగిని బలవంతం చేయరాదంటాడు, ఇంకొకాయన చేసి తీరాలంటాడు. ఇద్దరిలో ఎవరూ మూడు బస్సులు మారి ఊరి ఆ కొసనున్న ఆసుపత్రికి పోయి, మందు అయిపోయింది మళ్లీ రమ్మని చెప్పించుకుని రారు. సిస్టర్ పోయిన మరుసటేడు అలా మూడుసార్లు ఉత్త చేతులతో వచ్చాను. బయట వెతికి కొనేలోపే మల్లేశం అన్నం మానేశాడు, గోడలతో మాట్లాడసాగాడు. ఈసారి గడపలో కూర్చోడానికి ఆమె లేరు. ఆ కాయితమూ వాడి చెప్పులూ పట్టుకుని నేనే కూర్చున్నాను. దవాఖానకు పోతున్నామని చెప్పాను. మందు దొరకలేదని, అందులో వాడి తప్పు లేదని కూడా చెప్పాను. వాడు తిట్టాడు, ఏడ్చాడు, ఓ పూటంతా కదలలేదు. చివరికి కాళ్లు చాపి చెప్పులు తొడుక్కున్నాడు.

"చెప్పినవ్ గద. పా."

ఇప్పుడు వాడు ఇంట్లోనే ఉన్నాడు. రోజూ మాత్ర అరచేతిలో పెట్టి చూపిస్తాను. కొన్ని రోజులు వద్దంటాడు. పక్కన కూర్చుంటాను. నా కోపం మాత్రం తగ్గలేదు. మా వైపు ఆసుపత్రిలో ఆ మందు ఉంచమని అర్జీలు రాస్తూనే ఉన్నాను. పోయిన నెల మళ్లీ అయిపోయిందన్నారు. దాచకుండా వాడికి చెప్పాను. నేనూ వస్తానని బయల్దేరాడు. లైనులో నిలబడ్డాడు. వంతు రాగానే మందులిచ్చే కిటికీలో చేయి పెట్టి, ఒకప్పుడు మాత్రలు గోడవతలికి విసిరిన మా తమ్ముడు, గట్టిగా అడిగాడు.

"మల్లేశం నా పేరు. నా మందు నాకేది?"

మందు ఆ రోజు దొరకలేదు, మూడో రోజు దొరికింది. నేను మాత్రం ఆ రోజే సుశీల సిస్టర్‌కు మనసులో దండం పెట్టుకున్నాను.