గౌస్ పాషా కుడికాలు

“నీ కాలు కోసినంక దాన్ని ఏడ పాతిపెట్టాలె?”

కొత్తకోట హైవే పక్కన, పంక్చర్ దుకాణం ముందు, ఖైరున్నిసా తన భర్త గౌస్ పాషాను అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో ఆమె తిట్లన్నీ ఉర్దూలోనే. ఆ రోజు టీ తాగుతున్న లారీ డ్రైవర్లకు కూడా అర్థం కావాలని తెలుగులో అడిగింది. కోసిన కాలిని ముస్లింలు పారేయరు, కబ్రస్తాన్‌లో పాతిపెడతారు. కాబట్టి అది శాపనార్థం కాదు, ముందుచూపు.

గౌస్ జవాబుగా టీ గ్లాసును ఆమె పాదాల ముందు పగలగొట్టాడు.

నలభై దాటిన మనిషి. లారీ టైరును ఒక్కడే విప్పుతాడు. నోట్లో బీడీ లేనిదే సుత్తి పట్టడు. రెండేళ్లుగా దుకాణం నుంచి దాబా దాకా నడిస్తే కుడి పిక్క పట్టేసేది, నిలబడితే వదిలేది. వనపర్తిలో డాక్టరమ్మ చూసింది. కాలికి నెత్తురు మోసే నాళాలు పూడుతున్నాయి, బీడీ వాటిని ఇంకా బిగిస్తోంది అంది. తగ్గించడం కాదు, మానాలంది. రోజూ నడవాలి, నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. మిర్చిబజ్జీలు, ఉప్పు పచ్చళ్లు పక్కనపెట్టి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినాలి. గౌస్ మందులు కొన్నాడు. మిగతాదంతా ఊసుపోక చెప్పిన మాటలనుకున్నాడు.

ఆ చలికాలం పాదం మంచుగడ్డలా ఉండేది. ట్యూబుకు ప్యాచ్ అతికించే ఇనుప ప్రెస్సు దుకాణంలో కాగుతూనే ఉంటుంది. దానికి పాదం ఆనించి కూర్చున్నాడు. రబ్బరు కాగితే అతుకుతుంది, నరం కాగితే తెరుచుకుంటుందని లెక్క. మొద్దుబారిన పాదానికి కాలుతున్న సంగతి తెలియలేదు. వాసన వస్తే ట్యూబుదే అనుకున్నాడు. నల్లబడిన రెండు వేళ్లను దవాఖానలో తీసేశారు. బీడీ ఆగకపోతే ఇక మోకాలి దగ్గరే కోత అన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే మళ్లీ ముట్టించాడు. ఖైరున్నిసా ఆ ప్రశ్న అడిగింది అప్పుడే.

పక్కనే టీ కొట్టు నడిపే ఆమె తమ్ముడు ఫయాజ్, గ్లాసు పగలగానే గౌస్ జేబులోంచి బీడీ కట్ట లాగి పొయ్యిలో వేశాడు. గౌస్ టైరు విప్పే రాడ్డు ఎత్తాడు. తలకు గురిపెట్టిన దెబ్బ. ఫయాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేతి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పాలగిన్నెలో నెత్తురు పడింది. డ్రైవర్లు గౌస్‌ను నేలకు అదిమారు. కింద పడిన రాడ్డును ఖైరున్నిసా తీసుకుని మొగుడి వీపు మీద రెండు వేసింది.

పాన్‌డబ్బా నాగన్న అడ్డమొచ్చాడు. “బీమారున్న మనిషిని కొడ్తరా అక్కా?”

“కట్ట అమ్మింది నువ్వే గద నాగన్నా. జర ఆగు, నీ వంతు గూడ వస్తది.”

నాగన్న డబ్బా మూసి పోయాడు.

జబ్బు మనిషిని మెత్తబరుస్తుందంటారు. ఈ ఇంట్లో ఎవరూ మెత్తబడలేదు. గౌస్ తోటకూర పప్పును గోడకు కొట్టాడు. రాత్రి దాకా ఆమె ఇంకేమీ వండలేదు. ఆకలికి గిన్నెలో మిగిలిన ఆ పప్పే తిన్నాడు. పుండు మానాక, తెల్లారితే సర్వీసు రోడ్డు మీద ముందు అతను, వెనక రాడ్డుతో ఆమె.

“పోలీసోని లెక్క ఎనుకెందుకు వస్తున్నవ్?”

“పోలీసోడైతే పైసలిస్తే పోతడు. నేను పోను. నడువు.”

పిక్క పట్టేస్తే ఆగేవాడు. ఆమె కూడా ఆగేది. వదలగానే రాడ్డుతో రోడ్డు మీద తట్టేది. ఒకసారి ఎవరో పారేసిన బీడీ ముక్క కోసం వంగాడు. చేతి మీద కొట్టింది, వేలి కణుపు చిట్లింది. దీన్ని ప్రేమ అన్నవాళ్లు దూరం నుంచి చూసినవాళ్లు. ఇరుగుపొరుగు కొట్లాట అనే అన్నారు, సరిగ్గానే అన్నారు.

ఏడాది దాటింది. బీడీ లేదు. పిక్క ఇప్పుడు దాబా దాటి చాలా దూరం పోయాక గానీ పట్టదు. కాలు ఉంది. ఫయాజ్ ముంజేతి ఎముకకు స్టీలు ప్లేటు వేశారు, ఆ చెయ్యి పూర్తిగా సాగదు, బావతో మాటల్లేవు. ఆ చేతి ఆపరేషన్ ఖర్చు గౌసే కట్టాలని మసీదు పెద్దలు తేల్చారు. అందులో ఇంకా పద్దెనిమిది వేలు బాకీ.