రాజన్న తోమిన అద్దం

ప్రతి ఉదయం షాపు తెరవగానే రాజన్న జేబులోని వేములవాడ దేవుడి పటం కళ్ళకద్దుకుని, మెత్తటి గుడ్డతో ముందుగా పాత టెలిస్కోపునే తుడిచేవాడు. ఇత్తడి గొట్టం, మూరెడు పొడవు.

జగిత్యాల వైపు పల్లె నుంచి ప్రపంచకప్ స్టేడియం పనికి గల్ఫ్‌కు వచ్చినవాడు. నడుము పట్టేశాక, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో కంపెనీ యజమానికే ఉన్న పాత వస్తువుల షాపుకు మార్చారు. ఇంటి ముఖం చూసి నాలుగేళ్ళు.

షాపు చూసుకునే హమీదుద్దీన్ హైదరాబాదీ. తన రొట్టెలో సగం రాజన్నకు పెట్టనిదే తినేవాడు కాదు. టెలిస్కోపు సంగతి ఆయనే చెప్పాడు.

"మొదట్ల గాజు బిళ్ళలతోని చూస్తే చుక్కల చుట్టూ రంగులు కనబడేటివంట. గ్రెగరీ అని ఒక పండితుడు, బిళ్ళకు బదులు గుంట అద్దాలు పెడదామని బొమ్మ గీసిండు. అసొంటి అద్దం చేసే పనోడు దొరకలే. ఈలోపల న్యూటన్ ఇంకో తీరుగ చేసిండు. గ్రెగరీది తర్వాత కుదిరింది. అదే ఇది. అద్దమంటే గాజు కాదు, రాగి, తగరం కలిపి పోసింది."

"మేం అన్నం తినే కంచు తలె అసొంటిదా సాబ్?"

"గట్లనే అనుకో. పున్నమినాడు పొద్దుగూకినంక మగ్రిబ్ నమాజు కాంగనే డాబా మీదికి పోయి చందమామను చూద్దాం."

రాజన్న ఆ మాట భార్య గంగామణికి ఫోన్‌లో చెప్పాడు. "ఎట్లుంటదో నాకు చెప్పాలె మరి" అందామె.

పున్నమి ముందురోజు, మసకబారిన అద్దాన్ని విప్పి చింతపండు, బూడిదతో తోమాడు, ఇంట్లో పండుగకు కంచు తలెలు తోమినట్టే. తళతళలాడింది. మర్నాడు డాబా మీద గొట్టంలోంచి చూస్తే చందమామ లేడు. పాలొలికిన మరక ఉంది.

హమీదుద్దీన్ అద్దాన్ని తిప్పితిప్పి చూశాడు. "మెరుపుల ఏం లేదు రాజన్నా. పనంతా ఆ గుంట వంపులనే ఉన్నది. తోముతే ఆ వంపు చెడిపోయింది." ఆయన అద్దాన్ని గుడ్డలో చుట్టాడు. "గట్లనే అనుకో అన్నది నేనే గద. సేఠ్‌కు నేను చెప్పుకుంట."

చెప్పాడు కూడా. అద్దాన్ని బాగుచేయించడానికి లండన్ పంపారు.

గంగామణి అడిగితే రాజన్న, "చూసిన, మస్తుగున్నది" అన్నాడు. "మస్తుగ అంటే?" అందామె. "వచ్చినంక చెప్త."

అద్దం తిరిగి రాకముందే, నడుము ఇక బాగుపడదని అతన్ని ఇంటికి పంపేశారు. చివరి ఉదయం ఖాళీ గొట్టాన్ని రోజూలాగే తుడిచాడు. హమీదుద్దీన్ తన నడుం పట్టీ విప్పి అతని సంచిలో పెట్టాడు.

"సాబ్, ఒక్కటడుగుత. అద్దమొచ్చినంక పున్నమికి మీరు చూడుండ్రి. చూసి మా గంగామణికి ఫోన్ చేసి చెప్పుండ్రి, ఎట్లున్నదో. నేను చూడలేదన్న ముచ్చట నేనే చెప్పుకుంట. మీరు చెప్పంగ, పక్కకు కూసొని నేను గూడ వింట."